మా గుట్టు మమ్మల్ని అడిగి తీసుకోండి, తెలుగులో అడగండి

సంపాదకులు గారికి నమస్కారం.

తిరుపతి ఆర్టీసీ బస్టాండుకి దగ్గర్లో నాకు ఒక చిన్న నెట్ సెంటర్ ఉంది. ఆరు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, ఒక జిరాక్స్ మిషను, గోడకి ఆనించి ఒక లామినేషన్ మిషను. పదిహేడేళ్లుగా ఇదే నా బతుకుతెరువు. హాల్ టికెట్లు, పాన్ కార్డులు, ఈఏపీసెట్ అప్లికేషన్లు, మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలయ్యే రోజు పొద్దున్నే వచ్చి కూర్చునే యాత్రికులు, ఇదీ నా దగ్గర జరిగే పని. నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాదు, డిగ్రీ తర్వాత ఒక కంప్యూటర్ కోర్సు చేశాను, మిగతాదంతా ఈ కౌంటర్ వెనక కూర్చుని నేర్చుకున్నదే. మీ పత్రిక రోజూ షాపుకి వస్తుంది. ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదటిసారి. పొడుగైంది, చోటు లేకపోతే కత్తిరించండి గానీ మీ వెబ్‌సైట్ గురించి రాసిన భాగం మాత్రం ఉంచండి.

పోయిన నెల చంద్రగిరి వైపు నుంచి ఒక పెద్దామె వచ్చింది, మనవడి స్కాలర్‌షిప్ కాగితం ప్రింట్ తీయించుకోవడానికి. నా పక్కనే స్టూలు వేసుకుని స్క్రీన్ చూస్తూ కూర్చుంది. సైట్ తెరవగానే కింద ఒక పెట్టె వచ్చింది, అలవాటుగా 'అన్నీ ఒప్పుకుంటున్నాను' అన్న బటన్ నొక్కేశాను. "ఏంది నాయనా అది, ఏదో అడిగితే చదవకుండానే నొక్కేసినావే" అంది. కుకీలకి ఒప్పుకోమని అడుగుతుందమ్మా, అందరూ నొక్కేదే అన్నాను. "అది నిన్ను అడిగిందా, నన్ను అడిగిందా?" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆ కాగితం ఆమె మనవడిది, ఆ పని ఆమెది, ఒప్పుకున్నది నేను. ఆ రాత్రి షట్టర్ దించి ఇంటికి వెళ్తుంటే అదే తిరుగుతోంది బుర్రలో. ఈ పెట్టెలు ఎక్కువగా కనిపించడం మొదలై ఏడెనిమిదేళ్లు అవుతుంది, ఇన్నేళ్లలో ఎన్ని వందల మంది తరఫున, ఎన్ని వేలసార్లు నేను ఒప్పుకుని ఉంటాను? వాళ్లలో ఒక్కరినైనా అడిగానా? అడిగితే ఏమని అడగాలి, అసలు కుకీ అంటే ఏమిటో నేను వాళ్లకి చెప్పగలనా?

అందుకని చెప్పడం నేర్చుకున్నాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఇలా చెప్తున్నాను, మీ పాఠకులకి కూడా పనికొస్తుందని రాస్తున్నాను.

కొండ మీద దర్శనానికి వెళ్లేముందు సెల్‌ఫోన్ కౌంటర్లో ఇస్తాం కదా. వాళ్లు మనకి ఒక టోకెన్ ఇస్తారు. రోజూ అన్ని వేలమంది వచ్చే చోట కౌంటర్లో మనిషికి మన మొహం గుర్తుండదు, గుర్తుండక్కర్లేదు కూడా. టోకెన్ మీది నంబరు చూస్తాడు, ఆ నంబరున్న ఫోన్ తెచ్చి ఇస్తాడు. కుకీ అంటే అచ్చంగా ఇదే. వెబ్‌సైట్‌కి సొంతంగా జ్ఞాపకం ఉండదు, ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్తే అది మనల్ని కొత్త మనిషిలాగే చూస్తుంది. అందుకే మొదటిసారి వెళ్లినప్పుడు మన బ్రౌజర్ చేతిలో, అంటే సైట్లు తెరిచే క్రోమ్ లాంటి ప్రోగ్రామ్ చేతిలో, ఒక చిన్న చీటీ పెడుతుంది, మళ్లీ వెళ్లినప్పుడల్లా బ్రౌజర్ ఆ చీటీ చూపిస్తుంది. 1994లో అమెరికాలో నెట్‌స్కేప్ అనే కంపెనీలో పనిచేసే లూ మాంటుల్లి అనే కుర్ర ఇంజనీరు దీన్ని తయారు చేశాడు. ఆన్‌లైన్ షాపులో ఒక సరుకు బుట్టలో వేసి, ఇంకో సరుకు చూసి వచ్చేలోపు బుట్ట ఖాళీ అయిపోకుండా ఉండటానికి కావలసి వచ్చింది. అప్పటికే కంప్యూటర్ వాళ్లు వాడుతున్న 'మ్యాజిక్ కుకీ' అనే మాట నుంచి ఆ పేరు పెట్టాడు. బిస్కెట్లకీ దీనికీ సంబంధం లేదు, నన్ను చాలామంది అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. వైరస్ కూడా కాదు. మన కంప్యూటర్లో ఉన్న ఫోటోలూ ఫైళ్లూ చదివే శక్తి దానికి లేదు. ఇది లేకపోతే జీమెయిల్లో ప్రతి మెయిల్‌కీ పాస్‌వర్డ్ కొట్టాల్సిందే, దర్శనం టికెట్ సగం దాకా బుక్ చేసి మళ్లీ మొదటి నుంచి రావాల్సిందే. ఆ చీటీ మీద నాకు ఏ కోపమూ లేదు.

ఇబ్బంది ఇంకో రకం చీటీతో. గాంధీ రోడ్డులో మీరొక బట్టల షాపుకి వెళ్లారనుకోండి. గుమ్మంలో ఆ షాపుకి చెందని మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు, షాపు యజమానే డబ్బు తీసుకుని అతనికి చోటిచ్చాడు. అతను మీ పేరు అడగడు, ఊరు అడగడు, మీ జేబులో ఒక టోకెన్ వేస్తాడంతే. అక్కడి నుంచి మందుల షాపుకి వెళ్లారు, అక్కడా గుమ్మంలో అదే కంపెనీ మనిషి. మీ జేబులో టోకెన్ నంబరు చూసి నోటుబుక్కులో రాసుకున్నాడు, ఫలానా నంబరు ఇందాక చీరలు చూసింది, ఇప్పుడు షుగరు మందులు చూస్తోంది అని. తర్వాత తాకట్టు దుకాణం, తర్వాత పెళ్లి సంబంధాల ఆఫీసు, తర్వాత ఏదో హాస్పిటల్. సాయంత్రానికి మీ పేరు తెలియకపోయినా మీ బతుకు సగం ఆ నోటుబుక్కులో ఉంటుంది. నెట్‌లో దీన్నే థర్డ్ పార్టీ కుకీ అంటారు. మనం చూసే పేజీలో ఒక మూల ఇంకో ప్రకటనల కంపెనీకి చెందిన ముక్క ఉంటుంది, ఒక్కోసారి కంటికి కనపడనంత చిన్న బొమ్మ, ఆ ముక్క తెచ్చుకోవడానికి మన బ్రౌజర్ ఆ కంపెనీ దగ్గరికి వెళ్తుంది, వెళ్తూ వెళ్తూ ఆ కంపెనీ ఇదివరకు ఇచ్చిన చీటీ చూపిస్తుంది. వేల సైట్లలో ఆ ముక్క ఉంటే వేల గుమ్మాల్లో ఆ మనిషి ఉన్నట్టే.

ఇది మంచిది కాదని తెలియక జరిగింది కాదు. 1997లోనే ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఇంజనీర్ల బృందం ఐఈటీఎఫ్ కుకీల మీద మొదటి పత్రం రాస్తూ, ఇలాంటి బయటివాళ్ల కుకీలని బ్రౌజర్లు తమంతట తాము అనుమతించకూడదు అని చెప్పింది. అప్పటి పెద్ద బ్రౌజర్లు దాన్ని పట్టించుకోలేదు. ఆపిల్ వాళ్ల సఫారీ 2020లో గానీ పూర్తిగా ఆపలేదు, అంటే ఇరవై మూడేళ్లు. గూగుల్ క్రోమ్ కూడా తీసేస్తామని 2020 జనవరిలో చెప్పింది, గడువు మీద గడువు పెంచుకుంటూ పోయి 2024 జులైలో ఆ ఆలోచన మానుకుంది. నా ఆరు కంప్యూటర్లలోనూ ఉన్నది క్రోమే, మా దగ్గరికి వచ్చేవాళ్ల ఫోన్లలో ఎక్కువగా ఉండేదీ అదే.

ఇప్పుడు నా ఇంటి సంగతి రాస్తాను. రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను, నా భార్యని అడిగాను, పేర్లు లేకుండా రాయమంది.

రెండేళ్ల కింద ఆమెకి రొమ్ములో గడ్డ కనిపించింది. ఇక్కడి డాక్టరమ్మ చూసి ముక్క పరీక్షకి పంపించింది, రిపోర్టు రావడానికి వారం పడుతుందన్నారు. మా పాపకి అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు నడుస్తున్నాయి. రిపోర్టు వచ్చేదాకా పాపకి తెలియకూడదని నా భార్య నా చేత ఒట్టు వేయించుకుంది. మా అమ్మకి చెప్పలేదు, ఆమె అన్నకి చెప్పలేదు. ఆ వారం నాకు నిద్ర లేదు, షాపులో కస్టమర్లు లేనప్పుడల్లా కౌంటర్ కంప్యూటర్లో ఆ జబ్బు గురించి చదువుతూ కూర్చున్నాను. రెండు మూడు పెద్ద హాస్పిటళ్ల సైట్లు తెరిచాను, ఖర్చెంతవుతుందో చూశాను, చెన్నై వెళ్లాలా వేలూరు వెళ్లాలా అని చూశాను. ప్రతి సైట్‌లోనూ ఆ పెట్టె వచ్చింది, ప్రతిసారీ ఒప్పుకుంటున్నాను అని నొక్కాను. అంత టెన్షన్‌లో అదేమి అడుగుతోందో చదివే ఓపిక ఎవరికుంటుంది?

మూడో రోజు సాయంత్రం పాప షాపుకి వచ్చింది, ప్రాక్టికల్స్ రికార్డుకి సంబంధించిన కాగితాలేవో ప్రింట్ తీసుకుందామని. నేను వెనక జిరాక్స్ దగ్గర ఉన్నాను. ప్రింటర్ వేడెక్కేలోపు కౌంటర్ కంప్యూటర్లో ఒక తెలుగు వార్తల సైట్ తెరిచి పరీక్షల వార్త చదువుకుంటోంది. పక్కన రొమ్ము క్యాన్సర్ చికిత్స అని ఒక హాస్పిటల్ ప్రకటన. కిందికి జరిపితే అదే హాస్పిటల్‌ది ఇంకొకటి. వార్త మధ్యలో ఇంకొకటి. మా పాప తెలివైనది, నెట్ సెంటర్‌లో పెరిగిన పిల్ల, ఏది చూస్తే ఏ ప్రకటన వస్తుందో దానికి తెలుసు. నా దగ్గరికి వచ్చి నిలబడి, మెల్లగా, "నానా, అమ్మకేమైంది?" అని అడిగింది.

రిపోర్టు మంచిగా వచ్చింది, మామూలు గడ్డే అన్నారు, తీసేశారు, ఇప్పుడు ఆమె బాగుంది. కానీ ఆ నాలుగు రోజులు ఆ పిల్ల ఎలా పరీక్షలు రాసిందో నాకు తెలుసు. తన బిడ్డకి ఎప్పుడు చెప్పాలి, ఎలా చెప్పాలి అనేది ఒక తల్లి నిర్ణయించుకోవాల్సిన విషయం. ఆ హక్కుని ముక్కూ మొహం తెలియని ఒక ప్రకటనల కంపెనీ లాక్కుంది. ఇందులో దొంగతనం లేదు, హ్యాకింగ్ లేదు. అంతా నేను బటన్ నొక్కి ఒప్పుకున్న ప్రకారమే జరిగింది. నన్ను ఈ రోజుకీ బాధ పెట్టేది అదే.

ఈ సంగతి చెప్పి జాగ్రత్తగా ఉండమంటే కస్టమర్లు రెండు రకాలుగా మాట్లాడతారు. పెద్దవాళ్లు, ముఖ్యంగా రిటైరైన ఉద్యోగులు, "మనమేమన్నా తప్పు పనులు చేస్తున్నామా, దాచుకోవడానికి మన దగ్గర ఏముంది" అంటారు. యూనివర్సిటీ పిల్లలు, "ఎలాగూ అంతా వాళ్ల దగ్గరే ఉంది కదనా, ఇంక దాచేదేముంది" అంటారు. ఒకరిది నిశ్చింత, ఒకరిది నిరాశ, ఇద్దరూ చివరికి అదే బటన్ నొక్కుతారు.

ఈ ప్రైవసీ అనేదంతా విదేశాల వాళ్ల గొడవ, మనకి అలవాటు లేని మాట అని కూడా కొందరంటారు. నేను ఒప్పుకోను. గోప్యత అనే మాట పుస్తకాల్లో ఉండొచ్చు, మన ఇళ్లల్లో ఉన్న మాట గుట్టు. గుట్టుగా బతకడం అంటే తప్పు చేసి దాచుకోవడం అని ఏ తెలుగువాడైనా అనుకుంటాడా? పరువుగా బతకడం అని అనుకుంటాడు. ఇంటి గుట్టు లంకకు చేటు అని సామెత పెట్టుకున్నవాళ్లం మనం. పిల్లకి సంబంధం చూస్తుంటే ఖాయమయ్యేదాకా పక్కింటికి తెలియనివ్వం. పొలం అమ్మకానికి పెట్టాలంటే ముందు నమ్మకస్తుడికి చెవిలో వేస్తాం. బంగారం తాకట్టు పెట్టడానికి తెలిసినవాళ్లు లేని వీధి చూసుకుని వెళ్తాం. ఆ రిటైరైన సారే నా షాపులో పెన్షన్ కాగితం ప్రింట్ తీసుకుంటూ, వెనక ఎవరన్నా చూస్తున్నారేమోనని స్క్రీన్‌కి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. దాచుకోవడానికి ఏమీ లేనివాళ్లు ఎవరూ నా షాపుకి ఇంతవరకు రాలేదు. స్క్రీన్ వెనక నిలబడ్డ మనిషి కనపడతాడు కాబట్టి చెయ్యి అడ్డం పెడతాం. స్క్రీన్ లోపల ఉన్నవాడు కనపడడు, అంతే తేడా.

పిల్లలు చెప్పే మాట ఇంకా ఆలోచించాల్సింది. అంతా పోయింది కదా అని వదిలేస్తే రేపటిది కూడా పోతుంది. నిన్న చూసిన చీర గురించి ప్రకటనల కంపెనీకి తెలిస్తే తెలియనీ, రేపు రాబోయే జబ్బు గురించి, చేయబోయే అప్పు గురించి, వెతకబోయే ఉద్యోగం గురించి ఎందుకు తెలియాలి?

మన సుప్రీంకోర్టు ఈ మాట ఎప్పుడో చెప్పింది. కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి పుట్టస్వామి గారు వేసిన కేసులో 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జిలూ ఒకే మాటగా, గోప్యత ప్రాథమిక హక్కు, రాజ్యాంగం 21వ అధికరణం కింద బతికే హక్కులో అది భాగం అని తీర్పిచ్చారు. ఆ తొమ్మిది మందిలో మన కృష్ణా జిల్లా నుంచి వెళ్లిన జస్టిస్ చలమేశ్వర్ గారు ఉన్నారు, 2023లో మన రాష్ట్రానికి గవర్నర్‌గా వచ్చిన జస్టిస్ అబ్దుల్ నజీర్ గారు ఉన్నారు. అంటే ఇది ఎక్కడి నుంచో తెచ్చి మన మీద రుద్దిన హక్కు కాదు.

ఆ తర్వాత 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీలు సర్దుకోవడానికి పదెనిమిది నెలల గడువు ఇచ్చారు. చట్టంలో కుకీ అనే మాట లేదు గానీ, ఒక మనిషిని గుర్తుపట్టడానికి వీలయ్యే సమాచారం ఏదైనా దాని కిందికి వస్తుంది. ఆ చట్టంలో కొన్ని లోపాలున్నాయి, ప్రభుత్వానికి ఇచ్చిన మినహాయింపులు చాలా ఎక్కువ, సమాచార హక్కు చట్టాన్ని కూడా ఇందులో భాగంగా మార్చేశారు, దాని మీద మీ పత్రిక వేరే రాయాలి. నేను చెప్పదలచుకున్నవి అందులో రెండు సంగతులు. సమ్మతి అంటే స్వేచ్ఛగా, విషయం తెలిసి, ఫలానా పనికి అని స్పష్టంగా ఇచ్చేదై ఉండాలి, ఇచ్చినంత సులభంగా వెనక్కి తీసుకోగలగాలి అని రాశారు. రెండోది, ఆ సమ్మతి అడిగే నోటీసుని ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న ఇరవై రెండు భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే వీలు మనకి ఇవ్వాలి అని రాశారు. ఆ ఇరవై రెండులో తెలుగు ఉంది.

ఇది చదివినప్పుడు నాకు ఆ చంద్రగిరి పెద్దామె గుర్తొచ్చింది. ఆమెకి తెలుగు చదవడం వచ్చు, ప్రింట్ తీసిన కాగితంలో మనవడి పేరులో దీర్ఘం తప్పుందని పట్టుకుంది కూడా. ఆ పెట్టెలో తెలుగులో, నీ గురించి ఫలానా సంగతులు రాసుకుని ఫలానా వాళ్లకి ఇస్తాం, సరేనా వద్దా అని ఉండుంటే ఆమె తనే చదువుకుని తనే చెప్పేది. నా అవసరం ఉండేది కాదు.

ఇంతకీ నేను ఉత్తరం మీకెందుకు రాస్తున్నానంటే, తెలుగు చదివేవాళ్లు నెట్‌లో ఎక్కువగా చూసేవాటిలో తెలుగు పత్రికల సైట్లు ఉంటాయి. ఈ నెలలో నేను ఖాళీ దొరికినప్పుడల్లా కూర్చుని కొన్ని తెలుగు వార్తల సైట్లు ఒక్కొక్కటే తెరిచి చూశాను. బ్రౌజర్లోనే ఏ సైట్ ఎన్ని కుకీలు పెట్టిందో, ఎవరెవరివి పెట్టిందో చూసుకునే వీలుంది, నేర్చుకుంటే ఎవరైనా చూడొచ్చు. ఒక్క వార్త చదవడానికి వెళ్తే నేను పేరు కూడా వినని కంపెనీల చీటీలు వరసగా వచ్చి పడ్డాయి. వార్త అచ్చ తెలుగులో ఉంది, మన చిత్తూరు మామిడి రైతుల గురించి, తోతాపురి ధర గురించి. కింద పెట్టె మాత్రం ఇంగ్లీషులో. ఒక్కోచోట పెట్టె కూడా లేదు, అడగకుండానే పెట్టేశారు. పెట్టె ఉన్నచోట ఒప్పుకునే బటన్ పెద్దగా రంగులో ఉంది, వద్దనడానికి బటనే లేదు, లేదా ఎక్కడో లోపల మూడు పేజీల తర్వాత ఉంది. ఇలా చేసినందుకే ఫ్రాన్స్‌లో జనం వ్యక్తిగత సమాచార రక్షణ చూసే సీఎన్‌ఐఎల్ అనే సంస్థ 2022 జనవరిలో గూగుల్‌కి 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కి 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు చాలితే, వద్దనడానికి కూడా అంతే సులభంగా ఉండాలి అన్నది అక్కడి నియమం. ఇందులో అర్థం కానిది ఏముంది? పెళ్లిలో వడ్డించేవాడు కూడా వద్దంటే ఆగుతాడు.

పత్రికలకి ప్రకటనలే ఆధారమని నాకు తెలుసు. నెట్‌లో ఊరికే చదువుతూ ప్రకటనలు వద్దంటే ఎలా అని మీరు అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే. ప్రకటనలు వద్దని నేను అనడం లేదు. మీరు అచ్చువేసే పేపర్లో జిల్లా పేజీల్లో నగల షాపు ప్రకటన వస్తుంది, కాలేజీ ప్రకటన వస్తుంది, మొదటి పేజీ నిండా వస్తుంది. ఆ ప్రకటనకి నేనెవరో తెలియదు. తెల్లవారుజామున పేపరు వేసే అబ్బాయికి నా గేటు తెలుసు, అంతే. నేను ఏ వార్త దగ్గర ఎంతసేపు ఆగానో, ఏ పేజీ తిప్పేశానో, శ్రద్ధాంజలి ప్రకటన చూసి ఏడ్చానో ఎవరికీ తెలియదు. అలా ఎవరూ చూడకుండా పేపరు చదువుకునే స్వేచ్ఛ మా నాన్నకి ఉండేది, నాకు ఉండేది. అదే పత్రికని మా పాప ఫోన్లో చదివితే ఆ స్వేచ్ఛ దానికి ఎందుకు ఉండకూడదు? మామిడి వార్త పక్కన డ్రిప్ పైపుల ప్రకటన వేయండి, పరీక్షల వార్త పక్కన పుస్తకాల ప్రకటన వేయండి. వార్తని చూసి ప్రకటన వేయొచ్చు, మనిషి వెంటపడాల్సిన పని లేదు.

కంపెనీలకి ఇచ్చిన గడువు 2027 మే దాకా ఉంది కదా అని కూర్చోవద్దని నా మనవి. పెద్ద కంపెనీల మీద, ప్రభుత్వాల మీద మీరు ధైర్యంగా రాస్తారు, అందుకే మీ దగ్గర నుంచే మొదలవ్వాలని అడుగుతున్నాను. మీ సైట్‌లో ఆ పెట్టెని తెలుగులో పెట్టండి. లాయర్ల తెలుగు వద్దు, మీ సిటీ పేజీ విలేకరి రాసే తెలుగు చాలు. ఎవరికి ఇస్తున్నారో పేర్లు రాయండి. 'సరే' ఎంత పెద్దగా ఉందో 'వద్దు' కూడా అంతే పెద్దగా, దాని పక్కనే పెట్టండి. వద్దన్నవాళ్లకి కూడా వార్త చూపించండి.

ఈలోగా నేను చేయగలిగింది నేను చేస్తున్నాను. ఇంతకుముందు నా షాపులో జనం లాగౌట్ చేయకుండా లేచి వెళ్లిపోయేవాళ్లు, ఆ చీటీ కంప్యూటర్లోనే ఉండిపోయేది, తర్వాత కూర్చున్నవాడికి ముందువాడి మెయిల్ తెరుచుకునేది. దర్శనం టికెట్ ఫారంలో మొదటి అక్షరం కొట్టగానే అంతకుముందు బుక్ చేసుకున్న ఎవరిదో పేరు, నంబరు కిందికి జారి వచ్చేవి. ఇది కుకీ పని కాదు, బ్రౌజర్ ఫారాలు గుర్తుపెట్టుకోవడం, కానీ గుట్టు పోయేది మాత్రం అలాగే పోతుంది. ఇప్పుడు ఆరు కంప్యూటర్లలోనూ మూసేయగానే అన్నీ చెరిగిపోయేలా పెట్టాను. క్రోమ్ సెట్టింగ్స్‌లో థర్డ్ పార్టీ కుకీలు ఆపేసే వీలుంది, ఆపేశాను, ఇంతవరకు ఏ దరఖాస్తూ ఆగలేదు. ఫోన్ తెచ్చి అడిగినవాళ్లకి కూడా అదే సెట్టింగ్ పెట్టి ఇస్తున్నాను, డబ్బు తీసుకోవడం లేదు. ఫోన్లో యాప్‌లకి కుకీలతో పెద్దగా పని లేదు, వాటికి ప్రకటనల ఐడీ అని ఇంకో నంబరు ఉంటుంది, కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని తీసేయొచ్చు. అదీ చూపిస్తున్నాను. పాడైన ప్రింట్లు, ఆధార్ జిరాక్స్‌లు ఇదివరకు బొరుగులబ్బాయి అడిగితే పొట్లాలకి ఇచ్చేసేవాణ్ణి, అవి ఇప్పుడు చించి పారేస్తున్నాను.

ఇంకొక అలవాటు కూడా చేసుకున్నాను. పక్కన కూర్చున్నవాళ్ల పని చేస్తున్నప్పుడు ఆ పెట్టె వస్తే, నేను నొక్కకుండా, స్క్రీన్ వాళ్ల వైపు తిప్పి, అందులో ఏముందో తెలుగులో చదివి చెప్పి, ఏం నొక్కమంటారని అడుగుతున్నాను. దర్శనం టికెట్ల రోజు లైను పెరిగిపోయి వెనకవాళ్లు కోప్పడతారు, అయినా అడుగుతున్నాను. నెల రోజుల్లో నేను చూసినంతవరకు, సంగతి అర్థమయ్యాక ఎక్కువమంది వద్దనే అన్నారు.

ఆ చంద్రగిరి పెద్దామె మనవడి ఒరిజినల్ సర్టిఫికెట్ల కోసం వచ్చే నెల మళ్లీ వస్తానంది. ఆలోగా మీ సైట్‌లో ఆ పెట్టె తెలుగులోకి మారితే నాకు ఒక ముక్క రాయండి, ఆమెని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి మీ పత్రికే తెరిచి చూపిస్తాను.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు,
తిరుపతి